ఉంగరం కొలత తప్పితే తరుగు ఎవరి ఖాతాలో?

అనంతపురం: వేరుశనగ డబ్బు చేతులు మారితేగాని ఈ జిల్లా బంగారు అంగళ్లలో పెళ్లిళ్ల గిరాకీ కదలదు. వానలు మొహం చాటేసిన ఏడు హారాల మాట ఎవరూ ఎత్తరు. అల్లుడికి ఉంగరం మాత్రం తప్పదు. ఆ ఒక్క ఉంగరమూ వేలికి పట్టలేదంటే అంగట్లో రభస మొదలైనట్టే.

కొలత తెచ్చే పద్ధతి పాతదే. వరుడి వేలికి నూలు దారం చుట్టి, ముడి వేసి, జేబులో పెట్టుకొస్తారు. దారం సాగుతుంది, ముడి జారుతుంది. ఈ విలేఖరి తన వేలికే చుట్టి చూస్తే మూడుసార్లకు మూడు కొలతలు వచ్చాయి.

మన సైజుల లెక్క సులువైనదే. ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎంతో చూసి 40 తీసేయాలి. 54 వస్తే 14వ సైజు; లోపలి వ్యాసం 17.2 మిల్లీమీటర్లు. అంటే దారం రెండు మిల్లీమీటర్లు సాగితే 14 కాస్తా 16 అవుతుంది.

నాలుగు గ్రాముల సాదా ఉంగరాన్ని అదే మందంతో 14 నుంచి 18కి పెంచాలంటే పావు గ్రాముకు పైగా బంగారం అదనంగా పడుతుంది. తగ్గించాలంటే ముక్క కోసి టంకం పెట్టాలి. కోసిన ముక్కకు పాత బంగారం ధరే, మజూరీ దండగ. సాగదీస్తే ఉంగరం పలచబడుతుంది, రాళ్లుంటే వదులవుతాయి. చుట్టూ రాళ్లు పొదిగినదైతే దాదాపు కొత్తది చేయవలసిందే. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయింది గనుక ముద్ర మీద రంపం పడకుండానూ చూసుకోవాలి.

ఇంట్లో కొలవడానికి దారం కంటే సన్నని కాగితం పట్టీ మేలు. వేలి మొదట్లో చుట్టి, కలిసిన చోట గీత పెట్టి, స్కేలు మీద పరచాలి. సాయంత్రం కొలిస్తే మంచిది. తెల్లవారి చలికి వేలు సన్నబడుతుంది. ఎండలో పనిచేసి వచ్చిన చెయ్యి ఉబ్బి ఉంటుంది. మన రైతుల చేతులకు ఇంకో చిక్కుంది. ఏళ్ల తరబడి సేద్యం చేసిన వేళ్లకు కణుపు లావు, మొదలు సన్నం. రెండూ కొలిచి నడుమ సైజు తీసుకోవాలి. వెడల్పు ఉంగరమైతే సైజు కాస్త ఎక్కువ ఉంచాలి.

అన్నిటికంటే నమ్మకం ఆది ఉంగరం. అదే చేతి అదే వేలిది కావాలి. కొలవవలసింది లోపలి వ్యాసం, బయటిది కాదు. కదిరి వైపు నుంచి కువైట్ వెళ్లినవారు ఫోనులో ఫోటో పంపుతుంటారు. పక్కన స్కేలు లేని ఫోటో కొలత కింద లెక్కకు రాదు.

ఆర్డరు చీటీ మీద బరువు, మజూరీ రాసినంత శ్రద్ధగా సైజు, ఏ చెయ్యి, ఏ వేలు, కొలిచింది అంగడివారా ఇంటివారా అన్నదీ రాసి సంతకం తీసుకుంటే తరుగు ఎవరిదన్న తగాదా ఆ చీటీ దగ్గరే తేలుతుంది.