ఆడినవారే ఆడించగలరా?

ఐరోపాలోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు ఓటములతో కుంగినప్పుడు, కొన్నిసార్లు గెలుస్తూనే అభిమానుల మెప్పు పొందలేకపోతున్నప్పుడు, ఒకప్పుడు తమ చొక్కా వేసుకుని ఆడిన, ఊరంతా నెత్తిన పెట్టుకున్న మాజీ ఆటగాణ్ణి పిలిచి జట్టు పగ్గాలు అప్పగించడం గత రెండు దశాబ్దాలలో తరచుగా కనిపిస్తున్న పరిణామం. ఆ పదవిని ఇంగ్లండులో మేనేజర్ అంటారు, ఇతర దేశాలలో ఎక్కువగా కోచ్ అంటారు. రోజువారీ సాధన నడపడం, పదకొండు మందిని ఎంపిక చేయడం, ఆట మధ్యలో ఎవరిని దింపి ఎవరిని ఎక్కించాలో తేల్చడం, కోట్ల రూపాయల జీతాలు తీసుకునే పాతిక మంది యువకుల అహంకారాలను ఒక గదిలో సర్దుబాటు చేయడం, ఇవన్నీ అయ్యాక విలేఖరుల ప్రశ్నలకు జవాబులు చెప్పడం ఆ ఉద్యోగంలోని పనులు. వీటిలో ఏ ఒక్కదానినీ అంతకుముందు చేయని వ్యక్తికి, కేవలం బాగా ఆడాడన్న కారణంతో ఆ పదవి ఎందుకు దక్కుతుంది, దక్కిన తరువాత ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఇటలీలోని ట్యూరిన్ నగరపు క్లబ్బు జువెంటస్ 2020లో చేసిన నియామకం కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఆండ్రియా పిర్లో తన తరంలో అత్యుత్తమ మిడ్‌ఫీల్డర్లలో ఒకడు. 2006 ప్రపంచకప్ గెలిచిన ఇటలీ జట్టుకు ఆయనే ఇరుసు. ఏసీ మిలాన్ తరఫున 2003, 2007 సంవత్సరాలలో చాంపియన్స్ లీగ్‌ను, అంటే ఐరోపా క్లబ్బుల అత్యున్నత పోటీని, గెలిచిన ఆయన 2011లో జువెంటస్‌కు వచ్చి వరుసగా నాలుగు ఇటలీ లీగ్ టైటిళ్లలో పాలుపంచుకుని, 2017లో ఆటకు స్వస్తి చెప్పాడు. 2020 జూలై 30న జువెంటస్ ఆయనను తన రెండో జట్టుకు, అంటే మూడో శ్రేణి లీగ్‌లో ఆడే 23 ఏళ్ల లోపు కుర్రాళ్ల జట్టుకు, కోచ్‌గా ప్రకటించింది. తొమ్మిది రోజులు గడిచాయో లేదో, చాంపియన్స్ లీగ్‌లో ఫ్రాన్స్ క్లబ్బు లియాన్ చేతిలో జువెంటస్ నిష్క్రమించడంతో ప్రధాన జట్టు కోచ్ మౌరిజియో సర్రీని తొలగించి, కుర్రాళ్ల జట్టుతో ఒక్క మ్యాచ్ కూడా ఆడించని పిర్లోను ఆ స్థానంలో కూర్చోబెట్టింది.

తొలగింపునకు గురైన సర్రీ చరిత్ర పిర్లో చరిత్రకు పూర్తిగా తలకిందులుగా ఉండటం గమనార్హం. వృత్తిరీత్యా ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడని ఆయన బ్యాంకు ఉద్యోగం చేస్తూనే చిన్న ఊళ్ల ఔత్సాహిక జట్లకు శిక్షణ ఇచ్చి, మెట్టుమెట్టుగా పైకి వచ్చి, జువెంటస్‌కు వరుసగా తొమ్మిదో లీగ్ టైటిల్ అందించిన సీజన్‌లోనే ఉద్వాసనకు గురయ్యాడు. దశాబ్దాల అనుభవం ఉన్నవాణ్ణి పంపించి ఏమాత్రం అనుభవం లేనివాణ్ణి తేవడాన్ని పొరపాటుగా జరిగిన పనిగా కాక, ఆలోచించి వేసిన పందెంగానే చూడాలి.

ఆ పందెం పూర్తిగా వమ్మయిందనడం న్యాయం కాదు. 41 ఏళ్ల కొత్త కోచ్ బంతి తన జట్టు దగ్గర ఉన్నప్పుడు వెనుక ముగ్గురితో, బంతి పోయినప్పుడు నలుగురితో నిలబడే ఒక అమరికను ప్రవేశపెట్టాడు, బార్సిలోనాను దాని సొంత మైదానంలో 3-0తో ఓడించాడు, ఇటాలియన్ సూపర్ కప్పునూ, ఇటలీ కప్పునూ గెలిచాడు. అయితే లీగ్ అనేది 38 మ్యాచ్‌ల పాటు సాగే పరీక్ష. అందులో పెద్ద మ్యాచ్ ఒకటి గెలవడం కంటే చిన్న మ్యాచ్‌లు ఓడిపోకపోవడం ముఖ్యం. ఆ ఏడాదే పై శ్రేణికి వచ్చి, ఆ ఏడాదే తిరిగి కిందికి జారిపోయిన బెనెవెంటో చేతిలో 2021 మార్చిలో జువెంటస్ సొంత మైదానంలో ఓడింది. అంతకు కొద్ది రోజుల ముందే చాంపియన్స్ లీగ్‌లో, రెండో అంచెలో చాలాసేపు పదిమందితోనే ఆడిన పోర్టో చేతిలో, ప్రత్యర్థి మైదానంలో చేసిన గోల్స్‌కు ఎక్కువ విలువ ఇచ్చే నాటి నిబంధన వల్ల నిష్క్రమించింది. 29 గోల్స్‌తో క్రిస్టియానో రొనాల్డో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచినా జట్టు చివరి రోజున మాత్రమే నాలుగో స్థానం దక్కించుకుంది. మే నెల ముగియకముందే పిర్లో ఉద్యోగం పోయింది.

ఆ ఏడాది టైటిల్ గెలిచిన ఇంటర్ మిలాన్ కోచ్ ఆంటోనియో కాంటే కూడా ఒకప్పటి జువెంటస్ మిడ్‌ఫీల్డరే, పైగా కెప్టెన్. ఆయన మాత్రం అరెట్జో, బారి, అటలాంటా, సియెనా క్లబ్బులలో గెలుపూ ఓటమీ రుచి చూసి, ఒకటి రెండు చోట్ల అవమానకరంగా బయటికి వచ్చి, ఆ తరువాతనే 2011లో జువెంటస్ కోచ్ అయ్యాడు. పిర్లో ఆటగాడిగా ఆయన కిందనే మూడు టైటిళ్లు గెలిచాడు.

గొప్ప ఆటగాడి జ్ఞానంలో అధికభాగం మాటలకు అందనిది. ఈత వచ్చినవాడు నీళ్లలో ఎలా తేలుతున్నాడో చెప్పలేనట్టే, నలభై గజాల దూరంలో పరుగు మొదలుపెట్టబోతున్న సహచరుణ్ణి తాను ఎలా పసిగడుతున్నాడో పిర్లో వంటివారు వివరించలేరు; తత్వవేత్త మైకేల్ పొలాన్యీ ఇటువంటి అవ్యక్త జ్ఞానం గురించి విస్తృతంగా చర్చించాడు. దానిని బోధించాలంటే ముందు తనకు సహజంగా వచ్చిన దానిని ముక్కలుగా విడదీసి చూడటం నేర్చుకోవాలి. ఆ నేర్పు బోధన అభ్యాసంతోనే వస్తుంది తప్ప ఆటతో రాదు. ఇంగ్లండ్ మాజీ డిఫెండర్ గ్యారీ నెవిల్ విషయంలో ఇది మరో రూపంలో బయటపడింది. టెలివిజన్‌లో ఆటను ఆయనంత లోతుగా విశ్లేషించేవారు అరుదు, ఇంగ్లండ్ జట్టుకు సహాయక కోచ్‌గానూ పనిచేశాడు, కానీ 2015 డిసెంబరులో స్పానిష్ సరిగా రాకుండానే స్పెయిన్ క్లబ్బు వాలెన్సియా కోచ్ అయిన తరువాత ఫిబ్రవరి మధ్య వరకు లీగ్‌లో ఒక్క గెలుపు దక్కలేదు. బార్సిలోనాతో జరిగిన కప్పు సెమీఫైనల్‌లో జట్టు 7-0తో ఓడింది. నాలుగు నెలలు తిరగకముందే పదవి పోయింది. జరిగిపోయిన ఆటను విడమరచి చెప్పడానికీ, జరగబోయే ఆటను నిర్ణయించడానికీ మధ్య ఉన్న దూరం స్టూడియోలో కూర్చున్నవారికి తెలియకపోవడం సహజమే, కానీ నియమించిన యాజమాన్యానికైనా తెలిసి ఉండవలసింది.

తెలియక కాదన్నదే అసలు విషయం. మాజీ తారను నియమించే యాజమాన్యం కొనేది ఆయన విద్యను కాదు, ఆయన పేరు మీద దొరికే గడువును. పరాయి కోచ్ నాలుగు మ్యాచ్‌లు ఓడితే ప్రేక్షకులు అధ్యక్షుడి గది వైపు చూస్తారు, తమ ఆరాధ్యుడు ఓడితే మాత్రం కొంతకాలం నోరు మెదపరు. ఇందులో పొదుపు కూడా ఉంటుంది, ఎందుకంటే కొత్తవాడి జీతం పేరుమోసిన కోచ్ జీతంలో కొద్ది భాగమే. 2009 వసంతంలో న్యూకాజిల్ యునైటెడ్ తన గోల్స్ వీరుడు అలన్ షియరర్‌ను చివరి ఎనిమిది మ్యాచ్‌లకు పిలిచినప్పుడు ఒక్కటే గెలుపు వచ్చింది, క్లబ్బు రెండో శ్రేణికి పడిపోయింది. నగరం మాత్రం షియరర్‌ను తప్పుపట్టలేదు.

ఇటువంటి నియామకాలన్నిటికీ సాక్ష్యంగా చూపే పేరు పెప్ గార్డియోలా. 2008లో బార్సిలోనా అనుభవం లేని 37 ఏళ్ల మాజీ కెప్టెన్‌ను నియమించి, తొలి సీజన్‌లోనే స్పెయిన్ లీగ్, స్పెయిన్ కప్, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిందన్నది వాస్తవం. ఆయనకు అనుభవం లేదన్నది మాత్రం సగం వాస్తవమే. అంతకుముందు ఏడాది పొడవునా ఆయన బార్సిలోనా రెండో జట్టును నాలుగో శ్రేణి లీగ్‌లో నడిపి, పై శ్రేణికి చేర్చాడు. ఆటగాడిగా ఉన్న చివరి రోజులలో మెక్సికో వెళ్లి హువాన్ మాన్యుయెల్ లిల్లో అనే కోచ్ దగ్గర ఆడాడు. అర్జెంటీనాలో మార్సెలో బియెల్సాను కలిసి గంటల తరబడి ఆట గురించి చర్చించాడు. ప్రధాన జట్టుతో ఆయన తొలి లీగ్ మ్యాచ్‌లో చిన్న క్లబ్బు నుమాన్సియా చేతిలో ఓడి, రెండో మ్యాచ్ డ్రా చేసుకున్నప్పుడు క్లబ్బు చలించలేదు, ఎందుకంటే ఆయన ఆడించదలచిన ఆటనే అక్కడి పిల్లలకు చిన్ననాటి నుంచీ నేర్పుతున్నారు. జినెదిన్ జిదాన్ కూడా కార్లో ఆంచెలోటీకి సహాయకుడిగా, ఆ తరువాత రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కోచ్‌గా పనిచేసి, 2016 జనవరిలో పెద్ద జట్టును అందుకుని, వరుసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. మరికొంత వెనక్కి వెళితే, 1985లో లివర్‌పూల్ ఇంకా ఆడుతున్న కెన్నీ డాల్‌గ్లీష్‌నే మేనేజర్‌ను చేసింది, తొలి ఏడాదే ఆయన లీగ్‌నూ ఎఫ్ఏ కప్పునూ గెలిచాడు. అయితే ఆ క్లబ్బును ఏళ్ల తరబడి నడిపించిన బాబ్ పైస్లీ సలహాదారుగా ఆయన వెంటే ఉన్నాడు, పాత శిక్షకులెవరూ కదలలేదు. పిర్లోకు దొరకనిది ఇటువంటి అండ.

అర్హత పత్రాల సంగతి చెప్పుకోవాలంటే, ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య అయిన యూఈఎఫ్ఏ గుర్తింపు ఉన్న ప్రో లైసెన్స్ లేనిదే సాధారణంగా పై శ్రేణి జట్టుకు కోచ్‌గా ఉండకూడదు. పిర్లో ఆ కోర్సును ఫ్లారెన్స్‌లోని కోవెర్చానో కేంద్రంలో, తాను కోరుకునే ఫుట్‌బాల్ గురించి ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించి, సీజన్ మొదలయ్యే ముందు సెప్టెంబరులో పూర్తి చేశాడు. పేరున్నవారి ముందు నిబంధనలు వంగడం పాత సంగతే. లైసెన్స్ లేని ఫ్రాంజ్ బెకెన్‌బావర్ 1984లో పశ్చిమ జర్మనీ జాతీయ జట్టును వేరే పదవీనామంతో చేపట్టి 1990లో ప్రపంచకప్ గెలిచాడు; యోహాన్ క్రైఫ్ 1985లో అయాక్స్‌కు సాంకేతిక సంచాలకుడు అనే పేరుతో వచ్చాడు.

గొప్పగా ఆడినంత మాత్రాన ఆడించలేరన్న మాటకు ఎదురు వాదన కూడా ఉంది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ మీద 2011లో వెలువడిన ఒక ఆర్థికశాస్త్ర అధ్యయనం, ఒకప్పుడు అగ్రశ్రేణి ఆటగాళ్లయినవారు కోచ్‌లుగా ఉన్న జట్లు ఎక్కువ గెలుస్తున్నాయని తేల్చింది. ఆటలో సాధించిన కీర్తి మైదానంలో మాటకు బరువు తెస్తుందనడంలో సందేహం లేదు. కానీ 1989, 1990లలో ఏసీ మిలాన్‌కు ఐరోపా కప్పు తెచ్చిన అరిగో సాకీ వృత్తి ఆటగాడు కాడు, బూట్ల వ్యాపారం చేసినవాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి వరుసగా ఐదు రోవర్స్ కప్పులు, భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. ఆయన పేరు నిలిచింది ఆటగాడిగా కాదు, ఆడించినవాడిగానే.

జువెంటస్‌లో పిర్లో పక్కన సహాయకుడిగా కూర్చున్న ఇగోర్ ట్యూడర్ కథ ఈ చర్చను మరింత చిక్కు చేస్తుంది. ఆయన కూడా ఆ క్లబ్బు పాత డిఫెండరే, కానీ పిర్లో అంతటి తార కాడు. అప్పటికే క్రొయేషియా, గ్రీస్, టర్కీ, ఇటలీ క్లబ్బులలో ప్రధాన కోచ్‌గా పనిచేసి ఉన్నాడు. అనుభవం ఉన్నవాడు సహాయకుడయ్యాడు, లేనివాడు నాయకుడయ్యాడు. తరువాత వెరోనా, మార్సే, లాజియో క్లబ్బులను నడిపిన ట్యూడర్‌ను జువెంటస్ 2025 మార్చిలో ప్రధాన కోచ్‌గా తిరిగి పిలిచింది. ఆయన కూడా చివరి రోజున నాలుగో స్థానమే దక్కించుకున్నాడు. అక్టోబరులో క్లబ్బు ఆయనను కూడా పంపించివేసింది.