పోయిన ప్రాణి తిరిగి వస్తుందా?

అంతరించిన జంతువును విజ్ఞానం తిరిగి బ్రతికించగలదా అన్న ప్రశ్న మన హైదరాబాదులోనే ఒకప్పుడు ఆచరణ గడప దాకా వచ్చింది. 2000 ప్రాంతంలో లాల్జీ సింగ్ నాయకత్వాన సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు చీతాను క్లోనింగ్ ద్వారా పుట్టించాలని తలపెట్టారు. చిరుతపులి అండంలోంచి కేంద్రకాన్ని తీసివేసి, దానిలో చీతా జీవకణాన్ని కలిపి, చిరుత గర్భంలోనే పెంచాలన్నది పథకం. అందుకు సజీవకణం కావాలి. ఆసియా చీతాలు మిగిలింది ఇరాన్‌లోనే. ఇరాన్ ఇవ్వలేదు. పథకం ఆగిపోయింది.

కణం దొరికినా కథ సుఖాంతమయ్యేదని చెప్పలేం. 2003లో స్పెయిన్‌లో అంతరించిన బుకార్డో అనే కొండమేకకు క్లోన్ పుట్టింది. ఊపిరితిత్తుల లోపంతో నిమిషాల్లోనే చనిపోయింది.

అసలు చీతా ఎందుకు పోయింది? రాజులు, దొరలు వినోదానికి వేటాడారు, పచ్చికబయళ్ళు తరిగిపోయాయి. 1947లో కొరియా సంస్థానాధీశుడు ఒకే రాత్రి మూడింటిని కాల్చాడు. 2022లో నమీబియా చీతాలను తెచ్చి కూనో అడవిలో వదిలారు. గిర్ సింహాల కోసమని అంతకుముందే 24 గ్రామాలను ఖాళీ చేయించిన అడవి అది. వేటాడినవాడు ఒకడు, ఊరు వదిలినవాడు మరొకడు.

మన కలివికోడి కథ వేరు. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో దొరికింది. పట్టి చూపినవాడు స్థానికుడే. ముళ్ళపొదలు మిగిలాయి కనుక పిట్ట మిగిలింది.

శాస్త్రం అక్కరలేదని కాదు. ప్రాణిని పుట్టించడం ప్రయోగశాల పని కావచ్చు. అది బ్రతికే నేలనూ, ఆ నేలను నమ్ముకున్న మనిషినీ నిలుపుకోవడం సమాజం పని. మొదటిదాని మెరుపులో రెండోది మరుగున పడితే, ఆ మాట చెప్పవలసినవాడు రచయిత.