అమ్మను చూడాలని మిల్లు దాటిన పిల్లలు

ముఖచిత్ర కథనం

పల్లెలో భూస్వామ్యం, పరిశ్రమ ఒకదాన్నొకటి ఎలా పెంచుకున్నాయో ఒక ఊరి కథగా రాయమన్నారు సంపాదకులు. ఇంగ్లండ్‌లో చెషైర్ ప్రాంతపు స్టయల్‌ని ఎంచుకున్నాను. అక్కడి క్వారీ బ్యాంక్ నూలు మిల్లు గురించి చదవడానికి బోలెడంత ఉంది: కౌలు సంగతులు, నీటిచక్రం కొలతలు, యజమానుల వంశక్రమం. ఒక్క కాగితం చేతికందాక మిగతావన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. అది 1806 ఆగస్టు 2న మిడిల్‌సెక్స్ మేజిస్ట్రేట్ల ముందు ఇద్దరు కుర్రాళ్లు ఇచ్చిన వాంగ్మూలం.

పెద్దవాడు జోసెఫ్ సెఫ్టన్, పదిహేడేళ్లవాడు. చిన్నవాడు థామస్ ప్రీస్ట్‌లీ, పదమూడేళ్లవాడు. ఇద్దరూ లండన్ దగ్గరి హాక్నీ వాళ్లు. దిక్కులేని పేదలను ఉంచే వర్క్‌హౌస్ వాళ్లను స్టయల్‌కు అప్రెంటిసులుగా పంపేసింది. ఆ ఏడాది వేసవిలో మిల్లు నుంచి పారిపోయి మళ్లీ లండన్ చేరారు. ఎందుకు పారిపోయారని అధికారులు అడిగారు.

సెఫ్టన్ చెప్పిన జవాబు చదువుతుంటే అతని నిజాయితీకి ముచ్చటేస్తుంది. యజమాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు. మిల్లు పక్కనే అప్రెంటిసుల ఇల్లు. నలభైమందికి పైగా అబ్బాయిలు, అంతకంటే ఎక్కువమంది అమ్మాయిలు. మంచానికి ఇద్దరు. దుప్పట్లు నెలకోసారి, చొక్కా ఆదివారం ఆదివారం మార్చేవారు. ఏటా గోడలకు సున్నం వేసేవారు. ఏ రోజు ఏం పెట్టేవారో కూడా వరసగా చెప్పాడు: ఆదివారం ఉడికించిన పంది మాంసం, బంగాళాదుంపలు, సోమవారం పాలు, రొట్టె, శనివారం చిక్కటి జావ. తిన్నంత పెట్టేవారు. తాగడానికి మంచినీళ్లే, జబ్బు చేస్తే టీ. నూలు నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టడంతో మొదలుపెట్టి, యంత్రాలకు నూనె వేసేదాకా ఎదిగాడు. ఆ పని ఇష్టమేనన్నాడు.

ఇష్టంలేనిది ఒక్కటే, రాత్రిపూట అదనపు పని. కారణం అలసట కాదు, చదువు. బడి రోజూ రాత్రి ఉండేది కానీ విడతకు ఎనిమిదిమందినే పంపేవారు. ఆదివారం కాక వారానికి ఒక్కసారే తన వంతు. ఇంకొంచెం ఎక్కువసార్లు వెళ్తానంటే పై అధికారి ఒప్పుకోలేదట.

ప్రీస్ట్‌లీ మాటలు ఇంకా పొడి పొడిగా ఉంటాయి. చలికాలమైనా వేసవైనా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా పని. పొద్దుటి తిండికి పది నిమిషాలు, అదీ మిల్లులోనే. ఆ పది నిమిషాలను రాత్రి మళ్లీ పనిచేసి తీర్చాలి. అదనపు పనికి గంటకు ఒక పెన్నీ. ఒకరోజు యంత్రంలో పత్తి బాగా పేరుకుపోయింది. చక్రం అతని ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని ఊడబెరికింది. మిల్లు వైద్యుడు హాలండ్ చూశాడు, ఆరు వారాల్లో మానింది. ఇంత జరిగినా కోపంతో ఒక్క మాట లేదు.

ఇద్దరూ చెప్పిన కారణం ఒకటే: అమ్మను చూడాలనిపించింది. వాళ్లను మళ్లీ మిల్లుకే పంపారు.

ఇక చరిత్ర, క్లుప్తంగా. బెల్ఫాస్ట్‌లో పుట్టిన శామ్యూల్ గ్రెగ్ 1784లో బాలిన్ నది ఒడ్డున, స్టామ్‌ఫర్డ్ ఎర్ల్ అనే భూస్వామి దగ్గర కౌలుకు తీసుకున్న నేల మీద మిల్లు కట్టాడు. 1790లో అప్రెంటిసుల ఇల్లు వచ్చింది. 1820 నాటికి 32 అడుగుల వ్యాసమున్న నీటిచక్రం తిరుగుతోంది. ఆ దశాబ్దంలోనే కార్మికుల ఇళ్లు, ప్రార్థనా మందిరం, బడి లేచాయి. 1834లో గ్రెగ్ పోయాడు. 1847లో అప్రెంటిసుల పద్ధతి ఆగింది. 1939లో కుటుంబం ఈ ఆస్తిని, వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేసింది. 1959లో మిల్లు మూతపడింది.

నేల ఎవరిది, నీరు ఎవరిది
ఆవిరి యంత్రాలు పాతుకునే దాకా మిల్లుకు ప్రాణం నది వాలు. ఆ వాలు ఎవరి పొలంలో ఉంటే వారిని అడిగి కౌలు కట్టాల్సిందే. అందుకే నూలు పరిశ్రమ నగరంలో కంటే ముందు పల్లెలో వేళ్లూనింది. చేతులు చాలని పల్లెలో పిల్లలను బయటి నుంచి తేవాల్సి వచ్చింది. కౌలుదారుగా వచ్చిన గ్రెగ్ కొన్నేళ్లకు తన కూలీలకు తానే ఇంటి యజమాని అయ్యాడు. పని పోతే ఇల్లూ పోయే బతుకు వాళ్లది.

పత్తి ఎక్కడిది
లాంకషైర్, చెషైర్ మిల్లుల పత్తిలో ఎక్కువ భాగం అమెరికాలో బానిసలు పండించినది. గ్రెగ్ కుటుంబానికి డొమినికా దీవిలో బానిసలు పనిచేసే హిల్స్‌బరో చెరకు తోట కూడా ఉండేది. మిల్లు గుడ్డ పోటీకి మన నేతగాళ్లూ నలిగారు: గోదావరి తీరంలో ఇంజరం, మాధవాయపాలెం నుంచి ఈస్టిండియా కంపెనీ గుడ్డ కొనడం 1830లకల్లా ఆగిపోయింది.

గ్రెగ్‌ను దయగల యజమాని అని పుస్తకాలు మెచ్చుకుంటాయి. అన్నం, వైద్యం, బడి విషయంలో ఆ మెప్పు అబద్ధం కాదని సెఫ్టన్ మాటలే సాక్ష్యం. అయినా నా మనసు ఒప్పుకోదు. అడిగి సెలవు తీసుకుని వెళ్లాల్సిన పిల్లవాడు అమ్మను చూడటానికి నేరస్థుడిలా పారిపోవాల్సి వచ్చిందంటే, ఆ దయకు కంచె ఉన్నట్టే.

క్వారీ బ్యాంక్ ఇప్పుడు మ్యూజియం, మాంచెస్టర్ విమానాశ్రయానికి బాగా దగ్గర. అటు వెళ్లే తెలుగువాళ్లు నీటిచక్రం చూసి వచ్చేయకండి. పక్కనే ఉన్న అప్రెంటిసుల ఇంట్లోకీ వెళ్లండి, పిల్లలను వెంటబెట్టుకుని.