హార్ట్‌బ్రేక్ హిల్ మీద ఆదివారాలు

మా నాన్నగారు 46వ ఏట గుండెపోటుతో పోయారు. పోయినేడాది జనవరిలో నాకూ 46 నిండాయి. డాక్టరు కొలెస్ట్రాల్ రిపోర్టు చూసి నడవమన్నాడు. మా ఆవిడ పరిగెత్తమంది!

బోస్టన్ పక్కన న్యూటన్‌లో, కామన్‌వెల్త్ ఎవెన్యూ మీద ఆదివారం పొద్దున్నే ఏడెనిమిది మంది తెలుగువాళ్ళం కలుస్తాం. మార్చిలో పగలు కరిగిన మంచు రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది, చూసుకుని అడుగెయ్యాలి. ఏప్రిల్ మూడో సోమవారం జరిగే బోస్టన్ మారథాన్ వెళ్ళేది ఈ రోడ్డు మీదుగానే. 26.2 మైళ్ళలో 20వ మైలు దాటాక వచ్చే మిట్టే హార్ట్‌బ్రేక్ హిల్. ఎత్తు 90 అడుగుల లోపే గానీ, అలిసిన కాళ్ళకి తిరుమల మోకాళ్ళ పర్వతమే.

మాకు ఒకటే షరతు. పైకి ముందు చేరినవాళ్ళు కిందికొచ్చి ఆఖరివాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళాలి. ఆ ఆఖరివాణ్ణి నేనే. "మీరు వెళ్ళండి, నేను కారు దగ్గరుంటా" అనేవాణ్ణి. "ఆ కరెంటు స్తంభం దాకా రండి అన్నయ్యగారూ" అనేది ఒకావిడ. అది దాటాక ఇంకో స్తంభం చూపించేది. ఆవిడకి ఆ మిట్ట ఎక్కడం అప్పటికి మూడోసారి!

ఏప్రిల్లో ఒకరోజు ఆగకుండా ఎక్కేశాను. పక్కనే సైకిలు మీద వస్తున్న మా అమ్మాయి "నాన్నా, రొప్పుతున్నావా, ఏడుస్తున్నావా?" అంది. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు.

మొన్న ఆదివారం కొత్తగా ఒకాయన వచ్చారు. కారు దగ్గరే ఉంటానన్నారు. ఆయన కోసం కిందికి దిగాను.