రైలు ఎక్కడుందో టవర్‌కు తెలుసు, మనమెక్కడున్నామో కూడా

ఖరగ్‌పూర్‌లో విశాఖ వైపు రైలెక్కిన ఉత్తరాంధ్ర ప్రయాణికుల ఫోన్లలో ‘వేర్ ఈజ్ మై ట్రెయిన్’ యాప్ కనిపించడం మామూలే. బాలేశ్వర్ దాటామా, పలాస ఇంకెంత దూరం అన్నది చూసుకుంటూ ఉంటారు. ఇంటర్నెట్ అందకపోయినా, జీపీఎస్ ఆపేసినా ఆ యాప్ పనిచేయగలదు. ఫోన్ ఆ క్షణంలో ఏ సెల్ టవర్‌ను పట్టుకుందో చూసి, ఆ టవర్ రైలు దారిలో ఎక్కడుందో తన దగ్గరున్న సమాచారంతో పోల్చుకుంటుంది. ఒకప్పుడు పట్టాల పక్కన మైలురాళ్లు చేసిన పని ఇప్పుడు టవర్లు చేస్తున్నాయన్నమాట.

రైలు జాడ తెలిసిందంటే ఫోన్ జాడ తెలిసినట్టే. ఫోన్ జాడ తెలిస్తే మనిషి జాడా తెలిసినట్టే.

ఇందులో యాప్ తప్పేమీ లేదు. అసలు సెల్‌ఫోన్ పనిచేసే పద్ధతే అది. ఖరగ్‌పూర్‌లోని ఇందాలో ఉన్న ఒక ఫోన్‌కు శ్రీకాకుళం నుంచి కాల్ వచ్చిందనుకుందాం. దేశంలో ఉన్న లక్షల టవర్లన్నీ ఒకేసారి ఆ నంబరును పిలవలేవు. అందుకే మనం మాట్లాడకపోయినా ఫోన్ మధ్యమధ్యలో ‘నేను ఈ ప్రాంతంలో ఉన్నాను’ అని నెట్‌వర్క్‌కు తెలియజేస్తుంది. రైల్లో వెళ్తూ కొత్త ప్రాంతంలోకి అడుగుపెడితే మళ్లీ చెబుతుంది. కాల్ రాగానే నెట్‌వర్క్ ఆ ప్రాంతపు టవర్ల నుంచే పిలుస్తుంది. ఎక్కడున్నామో చెప్పకుండా కాల్ అందుకునే దారి ఈ ఏర్పాటులో లేదు.

చెప్పే చోటు ఎంత కచ్చితంగా ఉంటుంది? పల్లెల్లో ఒక టవర్ పరిధి కొన్ని కిలోమీటర్లు. ఇందా లాంటి ఇరుకైన పట్టణ ప్రాంతాల్లో కొన్ని వందల మీటర్లే ఉండొచ్చు. టవర్ ఏ దిక్కు యాంటెన్నాతో ఫోన్‌ను అందుకుందో తెలిస్తే ఆ వలయం ఒక ముక్కకు తగ్గుతుంది. సంకేతం వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్నీ లెక్కకట్టవచ్చు. పాత 2జీలో ఈ కొలత సుమారు 550 మీటర్ల మెట్లలో ఉండేది. 4జీలో ఒక మెట్టు 78 మీటర్లే. గోడలకు తగిలి వచ్చే సంకేతాల వల్ల కొంత తేడా వస్తుంది కానీ, పేట ఏదో తెలియడానికి అది అడ్డు కాదు.

‘జీపీఎస్ ఆపేశాను, ఇక నా జాడ ఎవరికీ తెలియదు’ అనుకునేవారు చాలామంది. నిజానికి జీపీఎస్ ఉపగ్రహాలకు మనమెవరో తెలియదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి అవి సమయం చెబుతూ పోతాయి, ఫోన్ విని లెక్క వేసుకుంటుంది, అంతే. ఆ లెక్కను బయటికి పంపేవి యాప్‌లు. జీపీఎస్ ఆపితే యాప్‌లకు కచ్చితమైన చోటు దొరక్కపోవచ్చు. టవర్‌తో సంభాషణ మాత్రం ఆగదు. అది ఆగాలంటే ఫోన్‌ను ఫ్లయిట్ మోడ్‌లో పెట్టాలి, లేదా స్విచ్ ఆఫ్ చేయాలి.

అయితే టవర్‌కు ఆ క్షణంలో తెలియడం వేరు, ఆ వివరం పోగుపడి ఉండిపోవడం వేరు. అసలు చిక్కు రెండోదానితోనే. కాల్ వివరాల రికార్డులను కనీసం రెండేళ్లు దాచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలు మార్చింది. అంతకుముందు ఆ గడువు ఏడాది. ఏ టవర్ కింద నుంచి మాట్లాడామన్నది కూడా ఆ రికార్డుల్లో ఉంటుంది. నేర పరిశోధనలో వాటి ఉపయోగాన్ని కాదనలేం.

పేర్లు తీసేసి ఇస్తే ఇబ్బంది లేదు కదా అని ఒక వాదన. ఒక ఐరోపా దేశంలో 15 లక్షల మంది ఫోన్ల 15 నెలల కదలికలను పరిశోధకులు పరిశీలించి, 2013లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. ఏ గంటలో ఏ టవర్ దగ్గర ఉన్నారన్న వివరాలు నాలుగు దొరికితే చాలు, 95 శాతం మందిని మిగతా అందరి నుంచి వేరుచేసి గుర్తుపట్టవచ్చని తేలింది. మన ఉదాహరణే చూడండి. రాత్రిళ్లు ఇందాలో, పగలు రైల్వే వర్క్‌షాప్ దగ్గర, సంక్రాంతికి పలాస పక్కన ఒక ఊళ్లో, నెలకోసారి కటక్‌లో ఒక ఆసుపత్రి వీధిలో కనిపించే ఫోన్లు ఎన్ని ఉంటాయి? బహుశా ఒక్కటే. పేరు లేకపోయినా ఇరుగుపొరుగువాళ్లు మనిషిని చెప్పేస్తారు. ఇంట్లో ఎవరికీ చెప్పని ఆ ఆసుపత్రి సంగతి కూడా దానితోపాటే బయటపడుతుంది.

జర్మనీలో మాల్టె స్పిట్జ్ అనే గ్రీన్ పార్టీ నాయకుడు తన ఫోన్ కంపెనీ నుంచి ఆరు నెలల సమాచారం రాబట్టాడు. 35 వేలకు పైగా నమోదులు వచ్చాయి. 2011లో ఒక పత్రిక వాటిని పటం మీద పెడితే ఆయన రైలు ప్రయాణాలు, నిద్రపోయిన ఊళ్లు వరసగా కనిపించాయి.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొంచెం ముందుకెళ్లింది. బెయిల్‌పై ఉన్న నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో తన చోటును దర్యాప్తు అధికారికి కనిపించేలా పెట్టాలన్న షరతు చెల్లదని కొట్టేసింది. మాదకద్రవ్యాల కేసు నిందితుడి మీదే నిరంతర నిఘా కూడదంటే, ఏ నేరమూ చేయని మనిషి సంగతి చెప్పేదేముంది?

మనకు మనంగా ఇచ్చేస్తున్నదీ తక్కువేం కాదు. వాతావరణం చెప్పే యాప్‌కు మన ఇంటి గుమ్మం దాకా తెలియనక్కర్లేదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, యాప్ చోటు అడిగినప్పుడు కచ్చితమైనదా, ఉజ్జాయింపుదా అని మనమే ఎంచుకోవచ్చు. ఉజ్జాయింపు ఎంచుకుంటే సుమారు మూడు చదరపు కిలోమీటర్ల పరిధి మాత్రమే యాప్‌కు తెలుస్తుంది. వాతావరణానికి అది చాలు.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటిన అమ్మాయిని ‘లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచు తల్లీ’ అనడం ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపించే మాట. అబ్బాయికి ఈ మాట అంతగా వినిపించదు. భయం నిజమైనదే, కానీ ‘ఎప్పుడూ’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపితే 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే గడువులుంటాయి. అవి అయిపోతే దానంతటదే ఆగిపోతుంది. ఖరగ్‌పూర్‌లో సాయంత్రం రైలెక్కిన అమ్మాయి 8 గంటలు నొక్కితే, అది ముగిసేసరికి రైలు ఇంకా విశాఖ చేరదు. అప్పుడు మళ్లీ నొక్కాలా వద్దా అన్నది ఆమె చేతిలోనే ఉంటుంది.