గొట్టం లేని ఊళ్లో గాలి శుభ్రం

కార్పెట్లు శుభ్రం చేసే వ్యాపారికి అమెరికాలో చాలాకాలంగా వినిపించే సలహా ఒకటుంది: ఎలాగూ ఆ ఇంట్లో అడుగుపెట్టావు కదా, గాలి డక్టులు కూడా శుభ్రం చేసి ఇంకో బిల్లు రాయి అని. అక్కడ ఆ లెక్క కుదురుతుంది. నేలంతా కార్పెట్ పరిచిన ఇళ్లు, చలికాలం వేడిగాలినీ ఎండాకాలం చల్లగాలినీ ఒకే యంత్రం నుంచి గదిగదికీ మోసే రేకు గొట్టాలు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్లకు, డక్టులు శుభ్రం చేస్తామనే ఫోన్లు అలవాటే. అదే సలహాను రాయచూరు జిల్లా అరకేరకు తెస్తే గడపలోనే ఆగిపోతుంది. ఇక్కడి మామూలు ఇంట్లో డక్టు ఉండదు. ఉండేవి జంఖానాలు, చాపలు, పెళ్లికి కొన్న సోఫా, మసీదులో వరసగా పరిచిన తివాచీలు, కిటికీకి ఆనించిన కూలరు, కొన్ని ఇళ్లలో స్ప్లిట్ ఏసీ. అలాగని ఆ సలహాను పూర్తిగా కొట్టిపారేయక్కర్లేదు. అందులో పొల్లు పోగా మిగిలే గింజ అరకేరలోనే ఉంది.

పొల్లేదో ముందు చూద్దాం. డక్టులు కడిగిస్తే జబ్బులు రావన్నది ఆ వ్యాపారంలో పెద్ద ప్రచారం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1997లో ఇంటి యజమానుల కోసం వేసిన పుస్తకం మాత్రం, డక్టుల శుభ్రతతో అనారోగ్యం తప్పుతుందని ఎన్నడూ రుజువు కాలేదని తేల్చి చెప్పింది. డక్టులో దుమ్ము ఉన్నంత మాత్రాన గదిలో దుమ్ము పెరుగుతుందనీ, కడిగితే తగ్గుతుందనీ అధ్యయనాలు గట్టిగా నిరూపించలేదు. గొట్టాల్లో కంటికి కనబడే బూజు, ఎలుకలు పురుగుల కాపురం, గాలికే అడ్డుపడేంత చెత్త ఉంటే తప్ప ఆ పని చేయించమని ఆ సంస్థ చెప్పదు. ఒక్కో ఇంటి వ్యవస్థకు 450 నుంచి 1,000 డాలర్లు పడుతుందన్న అంచనా కూడా అందులోనే ఉంది. దుమ్ము అలర్జీ అబద్ధమా అంటే, కాదు. కానీ అలర్జీ తెచ్చే ధూళి పురుగు రాలిన చర్మపు పొట్టు తిని, తేమలో బతుకుతుంది. దానికి పరుపు, దిండు, సోఫా, తివాచీ ఇష్టం. పొడి రేకు గొట్టంలో దానికి పెద్దగా పనిలేదు. అంటే కార్పెట్ పనివాడు ఆరోగ్యం పేరు చెప్పదలిస్తే, అందుకు అతని పాత పనే సరైనది.

ఇక గింజ. అదే పుస్తకం ఇంకో మాట కూడా ఒప్పుకుంది: చల్లబరిచే కాయిల్, ఫ్యాను లాంటి భాగాలు శుభ్రంగా ఉంటే యంత్రం బాగా పనిచేసి కరెంటు కలిసిరావచ్చు. మేలు చేసేది గొట్టం కాదు, గొట్టం మొదట్లో కూర్చున్న కాయిలూ ఫ్యానూ అన్నమాట. స్ప్లిట్ ఏసీ అంటే గొట్టం తీసేసిన ఆ రెండే కదా! పత్తి పండే ఈ సీమలో దూది నుసి, ఎర్రమట్టి, వంటింటి నూనె ఆవిరి కలిసి బ్లోయర్ రెక్కలకు మెత్తటి పూతలా పడతాయి. జాలీ విప్పి ఫిల్టరు కడిగినంత మాత్రాన ఆ పూత పోదు. యూనిట్ కింద ప్లాస్టిక్ సంచి కట్టి, చిన్న పంపుతో నీళ్లు కొడితే, మొదటి బకెట్ కాఫీ డికాక్షన్ రంగులో దిగుతుంది.

కూలరు సంగతి ఇంకా బలమైనది. బోరు నీళ్లలోని ఉప్పు గడ్డి ప్యాడ్లకు తెల్లగా పట్టేసి గాలి దారి మూస్తుంది, మోటారు తిరుగుతున్నా గది చల్లబడదు. తొట్టిలో నిలిచిన నీళ్లు డెంగీ దోమకు పురిటిల్లు. వారానికోసారి నీళ్లు పారబోయమని ఆరోగ్యశాఖ వాళ్లు చెబుతూనే ఉంటారు, పారబోసేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచున తడిసిన తొట్టి గోడ మీద. ఎండిపోయినా అవి నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి గోడలను బ్రష్షుతో గీకి కడగాలి. బ్రష్షు పట్టడం జంఖానా ఉతికేవాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. డక్టుల విషయంలో దొరకని ఆరోగ్య కారణం ఇక్కడ నిజంగానే ఉంది.

ఈ పని ఏసీ మెకానిక్కులు చేస్తూనే ఉన్నారుగా అనొచ్చు. చేస్తున్నారు. కానీ ఎక్కువమంది వాళ్లను పిలిచేది చల్లదనం తగ్గాకే. సోఫా కడగడానికి వచ్చినవాడు అదే గదిలో, అదే రోజు కూలరు కూడా చూస్తాడు. కొత్త ఇల్లు వెతుక్కునే ఖర్చు లేదు. గ్యాసు, కంప్రెసర్ల జోలికి మాత్రం అతను పోకూడదు. మెయిన్ ఆపడం నేర్చుకోనివాడు, ఆపాక కూడా కెపాసిటర్లో కరెంటు నిలిచి ఉండొచ్చని తెలియనివాడు ఈ పని ఎత్తుకోకపోవడమే మేలు. కాలం దగ్గర ఒక చిక్కుంది, దాన్ని దాచలేం: ఉగాది ముందర కూలర్లు, తివాచీలు, పెళ్లిళ్లు అన్నీ ఒకేసారి మీదపడతాయి. కూలర్ల పనిని దసరా తర్వాతకు, అంటే తొట్టి ఖాళీచేసి ఆరబెట్టి అటక ఎక్కించే రోజులకు జరిపితే కొంత ఊపిరాడుతుంది.

మరి అసలైన డక్టులు? రాయచూరులో కల్యాణ మండపాలు, సినిమా హాళ్లు, పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. ఎప్పుడో ఒక కబురు వస్తుంది. కార్పెట్ యంత్రం ఉంది కదా అని బయల్దేరకూడదు. అది నీళ్లు చిమ్మి పీల్చే యంత్రం. డక్టులోకి నీళ్లు పోతే బూజును చేతులారా పిలిచినట్టే. ఆ పనికి గొట్టం మొత్తాన్ని లోపలికి పీల్చి పట్టుకునే పెద్ద వాక్యూమ్, సన్నటి దుమ్ము బయటికి పోనివ్వని హెపా ఫిల్టరు, లోపల తిరిగే బ్రష్షులు కావాలి. అవి లేకుండా గెలికితే ఊరుకున్న దుమ్ము హాలంతా లేస్తుంది. ఉన్నవాళ్లతో కలిసి చేయడం, క్రిములు చంపే మందు పొగ కొడతామనే బేరం వద్దనడం నయం. ముందుగా ఒక జాలీ విప్పి, యజమానినే నిచ్చెన ఎక్కించి, సెల్‌ఫోన్ లైటు వేసి చూపించాలి. పల్చటి బూడిదరంగు పొడి తప్ప ఏమీ కనబడకపోతే జాలీ తుడిచి బిగించి, వచ్చిన కూలీ మాత్రం తీసుకుని, కింద పరిచిన తివాచీల లెక్క అడగాలి.