4,500వ అంకె

1980ల చివర్లో అమెరికాలోని మేరీలాండ్‌లో బ్రయాన్ డోటీ ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. దాని పేరు గ్రాడ్స్. అది పెరిగింది కోలా అనే పరిశోధన కేంద్రంలో. ఆ కేంద్రాన్ని స్థాపించినవాడు మన దేశంలోని బల్లియా జిల్లాలో పుట్టిన శాస్త్రవేత్త జగదీశ్ శుక్లా. వాతావరణ లెక్కలను పటాలుగా గీసే ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరకడంతో దేశదేశాలకూ పాకింది. భారత వాతావరణ శాఖ వానల ఫైళ్లనూ అది చదువుతుంది.

ఆ శాఖ దగ్గర 1901 నుంచి రోజువారీ వాన లెక్క పావు డిగ్రీ గళ్లలో ఉంది. అడ్డంగా 135, నిలువుగా 129. రోజుకు 17,415 అంకెలు. ఫైల్లో ఊరి పేరు ఉండదు, అంకెల వరసే. అది నైరుతి మూల మొదలై, తూర్పు దాకా సాగి, పై వరసకు ఎక్కుతుంది. మా అనంతపురం పట్టణానికి దగ్గరి గడి 34వ వరసలో 45వది. కింది 33 వరసల్లో 4,455 అంకెలు అయిపోతాయి. కాబట్టి మన వాన 4,500వ అంకె.

ఈ వరసను ఎలా చదవాలో చెప్పేది కంట్రోల్ ఫైలు. చిక్కంతా అక్కడే. దక్షిణం నుంచి మొదలయ్యే వరసలను ఉత్తరం నుంచి అని రాస్తే అనంతపురం వాన హర్యానాలోని యమునానగర్ దాపున పడుతుంది. హిమాలయాల పాదాల వాన మన కరువు నేల మీద కనిపిస్తుంది. 135 బదులు 134 అని రాస్తే వరస వరసకూ ఒక గడి జరిగి దేశమే ఏటవాలుగా సాగుతుంది. లెక్క లేని చోట ఉండే -999ని ఖాళీగా గుర్తించమని చెప్పకపోతే, సముద్రాన్ని కలుపుకున్న సగటు సున్నా కిందికి పోతుంది.

పటం చక్కగా వచ్చినా మోసం చేసేవి రెండున్నాయి. వాన కొలిచేది ఉదయం 8:30కి. నిన్న సాయంత్రం కురిసిన జల్లు ఈరోజు తేదీలో ఉంటుంది. రెండోది రంగులు. పడమటి కనుమల్లో 200 మిల్లీమీటర్లు పడిన రోజు రంగుల మెట్లను సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే, మన 15 మిల్లీమీటర్లు అడుగు రంగులో కలిసిపోతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే పడే చోట, వేరుశనగ విత్తే ముంగారు రైతుకు ఆ పదును ఎంతో విలువైనది. 2.5, 10, 20 అని మెట్లు మనమే పెట్టాలి.

అనుమానం వస్తే ఆ ఒక్క అంకెను విడిగా అచ్చువేసి, దగ్గరి వానమాపకంతో పోల్చాలి. చుట్టుపక్కల కేంద్రాల కొలతలను దూరాన్ని బట్టి కలిపి కట్టిన అంకె కాబట్టి అచ్చంగా సరిపోదు. అసలు పొంతనే లేకపోతే ముందు కంట్రోల్ ఫైల్లో తప్పును వెతకాలి.

అన్నీ సరిచేశాక కూడా ఆ గడి వెడల్పు 27 కిలోమీటర్లు. మా సీమలో వాన ఒక ఊళ్లో కురిసి పక్క ఊళ్లో ఎగ్గొడుతుంది. ఆ తేడాను ఎంత మంచి పటమూ చూపలేదు. అందుకే ఊరూరా వానమాపకాలు ఉండాలి, వాటి లెక్క రోజూ తప్పకుండా రాయాలి.